బహుమతి ఎప్పుడు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, ఎప్పుడు మానాలి

ప్రతి జూన్‌లో బడులు తెరిచిన వారం రోజులకు, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి పిల్లలను ట్యూషన్‌లో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులలో ఎవరో ఒకరు తప్పకుండా ఈ మాట అంటారు: "మంచి మార్కులు తెచ్చుకుంటే సైకిలు కొనిపెడతానని చెప్పానండీ మాస్టారూ, ఇక వాడే చదువుకుంటాడు." ఆ తండ్రికి సైకిలు కొనే ఉద్దేశం నిజంగానే ఉంటుంది, పిల్లవాడికి సైకిలు మీద మోజూ నిజంగానే ఉంటుంది. అయినా దసరా సెలవులు వచ్చేసరికి, పుస్తకం ముందు కూర్చోవడానికి ఆ పిల్లవాడు జూన్‌లో ఎంత బతిమాలించుకున్నాడో అంతే బతిమాలించుకుంటూ ఉంటాడు. ఇందులో పిల్లవాడి సోమరితనాన్ని వెతకనక్కరలేదు. చేసిన పనికీ అందబోయే ఫలితానికీ మధ్య పది నెలల దూరం ఉంది. బహుమతుల నుంచి పాఠం తీసుకునే మెదడు యంత్రాంగమేమో క్షణాల లెక్కన పనిచేస్తుంది.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. నాడీవ్యవస్థ పాఠం అన్నిసార్లు చెప్పినా, అందులోని సంగతులు ఇంట్లో కూడా పనికొస్తాయని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ వ్యాసంలో ఆ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో ముందు వివరించి, తర్వాత దాన్ని ఒక పిల్లవాడి చదువుకో, మీ సొంత అలవాటుకో ఎలా వాడుకోవాలో చెబుతాను. మొదటి భాగం వదిలేసి నేరుగా పద్ధతికి వెళ్లాలని చాలామందికి అనిపిస్తుంది కాని, అలా వెళ్లినవారే మూడో వారంలో మళ్లీ వచ్చి, "మొదట్లో బాగానే పనిచేసిందండీ, ఇప్పుడు వాడు లెక్కచేయడం లేదు" అంటారు.

మెదడు లెక్కపెట్టేది తేడాను

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన ఇద్దరు రైతులను ఊహించుకోండి. ఇద్దరిదీ ఒకే నాణ్యత గల తేజ రకం, ఇద్దరికీ క్వింటాలుకు 15,000 రూపాయలే పలికాయనుకుందాం. మొదటి రైతు 12,000 వస్తే చాలనుకుని బయలుదేరాడు, రెండో రైతు 18,000 తప్పకుండా వస్తుందని లెక్కవేసుకుని వచ్చాడు. మొదటివాడు ఆ కమిషన్ కొట్టును గుర్తుపెట్టుకుని వచ్చే ఏడు మళ్లీ అక్కడికే వస్తాడు, రెండోవాడు ఆ గడప తొక్కడు. ఇద్దరి చేతికీ వచ్చిన డబ్బు ఒకటే అయినా, ఇద్దరూ నేర్చుకుని వెళ్లిన పాఠాలు వేరు. మెదడు కూడా అందినదానిలోంచి అనుకున్నదాన్ని తీసివేసి, మిగిలిన తేడా నుంచే నేర్చుకుంటుంది. తేడా సున్నా అయితే, బహుమతి ఎంత పెద్దదైనా కొత్త పాఠం ఏదీ ఉండదు.

ఈ తీసివేత లెక్కను నాడీకణాల స్థాయిలో చూపించినవారు నాడీశాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్స్. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న కాలంలో ఆయన కోతుల మధ్యమెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల దగ్గరికి సన్నని ఎలక్ట్రోడ్లు పంపి, నోట్లో పళ్లరసం చుక్క పడినప్పుడు ఆ కణాలు ఏం చేస్తాయో నమోదు చేశారు. ఊహించని వేళ చుక్క పడితే అవి ఒక్కసారిగా చెలరేగాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాక, ఆ చెలరేగడం క్రమంగా రసం దగ్గరి నుంచి దీపం దగ్గరికి జరిగింది. రసం పడిన క్షణంలో కణాలు మామూలుగానే ఉండిపోయాయి. దీపం వెలిగాక రసం రాకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణానికి అవి తమ మామూలు స్థాయి కంటే కూడా కిందికి పడిపోయాయి. 1997లో షుల్ట్స్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ కలిసి ప్రచురించిన పత్రం ఈ మూడు ఫలితాలనూ ఒకే తీసివేత లెక్కగా చూపించింది. ఆ లెక్క, అనుభవం నుంచి నేర్చుకోవడానికి కంప్యూటర్లకు శాస్త్రవేత్తలు అప్పటికే రాసి పెట్టిన లెక్క లాంటిదే కావడం విశేషం.

ఈ మూడు ఫలితాలను మన వీధుల్లోకి తెచ్చుకుంటే విషయం తేలికవుతుంది. విజయవాడలో సాయంత్రం పూట పునుగుల బండి పక్కనుంచి వెళ్లే మనిషికి నోట్లో నీళ్లు ఊరేది పునుగు కొరికినప్పుడు కాదు, నూనె వాసన తగిలినప్పుడే. రోజూ తినే బండి దగ్గర రోజూ తినే రుచి ఉంటే మెదడుకు అది వార్త కాదు. వాసన వచ్చి, దగ్గరికి వెళ్లి చూస్తే పిండి అయిపోయిందని బండివాడు చెబితే మాత్రం, అసలు పునుగుల ఊసే లేని రోజున కలగని చిరాకు కలుగుతుంది. పిల్లలకు బహుమతులు ఇచ్చేవారు అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవలసింది ఈ మూడో ఫలితాన్ని. ఇస్తామని చెప్పి ఇవ్వకపోవడం, మెదడు లెక్క ప్రకారం, ఏమీ ఇవ్వకపోవడంతో సమానం కాదు. అది ఒక శిక్ష.

ఇక్కడ డోపమైన్ గురించి ఒక అపోహ తొలగించాలి. వాట్సాప్ సందేశాల్లో దాన్ని ఆనంద రసాయనం అంటూ ఉంటారు. ఆ పేరు రావడానికి మూలం 1954 నాటి ప్రయోగం. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడ చిన్న విద్యుత్ ప్రకంపన కలిగేలా చేశారు. తర్వాత జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో ఎలుకలు గంటకు రెండు వేల సార్లు కూడా మీట నొక్కాయి. ఆనంద కేంద్రం దొరికిందని అందరూ సంబరపడ్డారు, తర్వాత డోపమైన్‌ను దానికి ముడిపెట్టారు. కాని కెంట్ బెరిడ్జ్, ఆయన సహచరులు 1989లో డోపమైన్ దాదాపు పూర్తిగా తీసివేసిన ఎలుకలను పరిశీలిస్తే, అవి తిండి కోసం కదలనే లేదు గాని, నోట్లో తీపి నీళ్లు పోస్తే మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కున్నాయి. అంటే రుచి ఆస్వాదించడం వేరు, దాని కోసం లేచి వెళ్లాలనిపించడం వేరు. డోపమైన్ ప్రధానంగా రెండోదానికి సంబంధించింది. ఇష్టం తగ్గిపోయాక కూడా చెయ్యి ఫోను మీదికి ఎందుకు వెళుతుందో అర్థం కావాలంటే ఈ భేదం గుర్తుండాలి.

రకాలు వేరు, తూకం ఒకటి

తిండి, నీళ్లు, ఎండలో నీడ వంటివి ఎవరూ నేర్పకుండానే బహుమతులు. డబ్బు, మార్కులు, మెచ్చుకోలు అలాంటివి కావు. ఏడాది పిల్లవాడి చేతికి 500 నోటు ఇస్తే నోట్లో పెట్టుకుని నములుతాడు. ఆ కాగితం తర్వాత ఏం వస్తుందో కొన్నేళ్లపాటు చూశాకే అది వాడికి డబ్బు అవుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగాల్లో కుక్కలకు మెట్రోనోమ్ (టక్‌టక్‌మని తాళం వేసే యంత్రం) చప్పుడు తిండికి గుర్తుగా మారినట్టే ఇదీ జరుగుతుంది. ఇందులో వరుస ముఖ్యం. గుర్తు ముందు రావాలి, అసలు వస్తువు తర్వాత రావాలి; తిండి పెట్టేశాక చప్పుడు చేస్తే కుక్క దాదాపు ఏమీ నేర్చుకోదు.

ఇన్ని రకాల బహుమతుల మధ్య మెదడు ఎలా ఎంచుకుంటుంది? మళ్లీ యార్డుకే వెళదాం. తేజ కాయకూ, బాడిగ కాయకూ, తాలు కాయకూ రంగులో, ఘాటులో పోలికే లేకపోయినా అన్నీ క్వింటాలుకు ఇన్ని రూపాయలనే ఒకే కొలతలోకి వస్తాయి. 2006లో హార్వర్డ్ వైద్య కళాశాల పరిశోధకులు కోతులకు రెండు రకాల పానీయాలను వేర్వేరు మోతాదుల్లో చూపించి ఎంచుకోమంటే, కంటి గుంటల మీదుగా ఉండే ముందరి మెదడు భాగంలోని కొన్ని కణాలు, పానీయం ఏదన్నదానితో నిమిత్తం లేకుండా, దాని విలువ ఎంతన్నదాన్ని బట్టి స్పందించాయి. 2008లో జపాన్‌లో మనుషుల మీద చేసిన స్కానింగ్‌లో డబ్బు గెలిచినప్పుడూ, ఇతరులు తమను మెచ్చుకున్నారని తెలిసినప్పుడూ మెదడు లోపలి స్ట్రయేటం అనే భాగంలో ఒకేచోట చురుకుదనం కనిపించింది. ఒక మంచి మాటకు మెదడులో నిజంగానే ధర ఉందన్న మాట.

తూకం ఒకటే గాని, సరుకుల స్వభావాలు వేరు. తిండి త్వరగా మొహం మొత్తుతుంది. మొదటి బందరు లడ్డూకు ఉన్న విలువ నాలుగోదానికి ఉండదు. కడుపు నిండా భోజనం చేసిన పిల్లవాడికి చాక్లెట్ ఆశ చూపడం వృథా. డబ్బు అంత త్వరగా మొహం మొత్తదు గాని, దానితో ఇంకో చిక్కు ఉంది, అది తర్వాత చెబుతాను. మెచ్చుకోలు విలువ అనేవారిని బట్టి ఉంటుంది. రోజూ అందరినీ "సూపర్" అనే బాబాయి మాటకు, ఎప్పుడో గాని మాట్లాడని తాతయ్య "బాగుందిరా" అన్నదానికీ పోలిక లేదు.

నాలుగోదాన్ని మనం చాలా తక్కువ వాడతాం: తెలుసుకోవడం. పొడుపు కథ వేసి విప్పకుండా వదిలేస్తే పిల్లలు ఎలా వెంటపడతారో చూసినవారికి ఇది కొత్త కాదు. 2009లో అమెరికాలోని కాల్‌టెక్‌లో ప్రశ్నలు అడిగి మెదడును స్కాన్ చేసినప్పుడు, జవాబు తెలుసుకోవాలన్న కుతూహలం ఎంత ఎక్కువగా ఉంటే అదే స్ట్రయేటంలోని ఒక భాగం అంత చురుగ్గా కనిపించింది. నా తరగతిలో పాఠం మొదట్లో ఒక ప్రశ్న వేసి, జవాబు చివరి పది నిమిషాలకు దాచి ఉంచుతాను. పైసా ఖర్చు లేని బహుమతి ఇది.

పని ఎలా మొదలుపెట్టాలి

ముందుగా పనిని ఒక్క వాక్యంలో, కంటికి కనిపించేలా చెప్పాలి. "బాగా చదవాలి" అన్నది పని కాదు, కోరిక. "సాయంత్రం అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టగానే టీవీ కట్టేసి, లెక్కల నోటు తెరిచి, మూడు లెక్కలు చేయాలి" అన్నది పని. అందులో మూడు సంగతులు ఉన్నాయి: ఎప్పుడు, ఏమిటి, ఎంత. మూడు లెక్కలు మరీ తక్కువ కదా అని ప్రతి తండ్రీ అంటాడు. తక్కువగానే ఉండాలి, మొదటి రెండు వారాల్లో మనం నేర్పుతున్నది లెక్కలు కాదు, దీపం వెలిగాక నోటు తెరవడం. కోతికి వెలిగించిన దీపానికీ మన సంధ్యాదీపానికీ ఇక్కడ తేడా లేదు. గుర్తు రోజూ ఒకటే అయి ఉండాలి, మనిషి నోటితో చెప్పనక్కరలేనిదై ఉండాలి. అమ్మ రోజూ అరిచి చెప్పడమే గుర్తు అయితే, అమ్మ ఊరెళ్లిన రోజున చదువు కూడా ఊరెళుతుంది.

తర్వాత వేళ. మూడో లెక్క పూర్తయిన వెంటనే, కలం కింద పెట్టకముందే, ఫలితం అందాలి. డోపమైన్ కణాల స్పందన అర సెకను కూడా నిలవదు. అంత చిన్న సంకేతం పని మీద ముద్ర వేయాలంటే అది పనిని ఆనుకునే రావాలి. ఆలస్యం అమృతం విషం అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పెద్దవాళ్లకైతే "ఈ కష్టానికి ఫలితం మార్చిలో వస్తుంది" అని మనసులో చెప్పుకునే శక్తి ముందరి మెదడు ఇస్తుంది, ఆ భాగం పూర్తిగా పక్వం కావడానికి పాతికేళ్ల వయసు దాకా పడుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడి దగ్గర దాన్ని అప్పు అడగకూడదు.

మరి సైకిలు మాటేమిటి? దాన్ని వదులుకోనక్కరలేదు, ముక్కలు చేయాలి. సైకిలు బొమ్మ ఒకటి పెద్దగా గీసి గోడకు అంటించి, దాన్ని వంద గళ్లుగా విభజించి, రోజుకు ఒక గడికి పిల్లవాడి చేతే రంగు వేయించండి. గడి నిండినప్పుడల్లా సైకిలు ఒక అడుగు దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ రంగు గడే బహుమతి అవుతుంది, ఏడాది ఏడాదంతా ఆగకుండా ఆ సాయంత్రమే అందుతుంది. పది గళ్లకు ఒకసారి చిన్న నిజమైన ఫలితం ఉండాలి: ఆదివారం ప్రకాశం బ్యారేజీ దాకా షికారో, వాడు ఎంచుకున్న టిఫినో. మధ్యలో ఏ నిజమైన ఫలితమూ లేకుండా వంద గళ్లు నడిపిస్తే, నలభయ్యో గడి దగ్గర రంగు కూడా కాగితం మీద రంగుగానే మిగులుతుంది.

మెచ్చుకోలుకు బలం రావాలంటే కుక్క, చప్పుడు వరుసను పాటించాలి: ముందు మాట, తర్వాత వస్తువు. చాక్లెట్ చేతిలో పెట్టి "శభాష్" అంటే పిల్లవాడి చెవికి ఆ మాట చేరదు. ముందు "ఈ రెండో లెక్కలో తప్పు నీ అంతట నువ్వే పట్టుకున్నావు" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, తర్వాత ఇవ్వండి. కొన్ని వారాలకు ఆ మాట తనంత తానే బహుమతి విలువ సంపాదించుకుంటుంది. వస్తువును తగ్గించే రోజున మన చేతిలో మిగిలేది అదే. మాట కూడా ఫలానా పని గురించి ఉండాలి. "నువ్వు తెలివైనవాడివి" అంటే ఏం చేసినందుకు అన్నారో మెదడుకు తెలియదు.

మోతాదు గురించి నా అభిప్రాయం కొంచెం కఠినం. ఎంత చిన్నదితో మొదలుపెట్టగలిగితే అంత చిన్నదితో మొదలుపెట్టాలి. ఆశ ప్రతి బహుమతితోనూ పెరుగుతుంది, తేడా తగ్గుతుంది. మొదటి రోజే పెద్ద వస్తువు ఇచ్చిన తండ్రి, రెండో రోజు మామూలుది ఇస్తే కొడుకు మెదడులో రెండో రైతును తయారుచేసినట్టే. పైకి వెళ్లడానికి చోటు ఉంచుకోండి.

రెండు వారాలు రోజూ తప్పకుండా ఇచ్చాక, పని స్థిరపడిందనిపిస్తే, ఇక రోజూ ఇవ్వడం మానేసి కొన్ని రోజులు ఇవ్వాలి, ఏ రోజో ముందుగా తెలియనివ్వకూడదు. డీఎస్సీకి చదివినవారు పునర్బలన ప్రణాళికలని బట్టీపట్టినవి ఇవే. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో పావురాల మీద చేసిన పరిశీలనలన్నీ ఒకచోట చేర్చి చూపించినదాన్ని బట్టి, మీటను ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుంది, ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అలవాటైన పావురం ఎంతోసేపు పొడుస్తూనే ఉంటుంది. మా ట్యూషన్‌లో నేను ఒక డబ్బాలో చీటీలు వేసి ఉంచుతాను. చాలా చీటీల మీద "బాగుంది, రేపు చూద్దాం" అని, కొన్నిటి మీద "ఈరోజు పది నిమిషాలు ముందే వెళ్లవచ్చు" అని, ఒకటి రెండిటి మీద "రేపటి పొడుపు కథ నువ్వే వేయాలి" అని ఉంటుంది. నేను ఊహించనిది ఏమిటంటే, పిల్లలు ముందే వెళ్లిపోవడం కంటే పొడుపు కథ చీటీ కోసమే ఎక్కువగా ఎదురుచూస్తారు.

మాట తప్పితే ఏమవుతుంది

2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఒక మెత్తని మిఠాయి ముందు పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. ఈ పరీక్ష పాతదే. కొత్తదనం ముందు చేసినదానిలో ఉంది. మిఠాయి పెట్టకముందు, సగం మంది పిల్లలకు మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని చెప్పి నిజంగా తెచ్చారు, మిగిలినవారికి తెస్తామని చెప్పి, తీరా వచ్చి లేవన్నారు. పెద్దలు మాట నిలబెట్టుకున్న పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, పెద్దలు మాట తప్పగా చూసిన పిల్లలు 3 నిమిషాలు. ఓపిక లేని పిల్లలని మనం అనుకునేవారిలో కొందరు, వాళ్ల అనుభవానికి సరైన లెక్కే వేసుకుంటున్నారన్న మాట.

అందువల్ల ఇవ్వలేని రోజులు వస్తాయని ముందే అనుకుని, "ఆదివారం వర్షం వస్తే షికారు బదులు ఇంట్లో క్యారమ్స్" అని మొదటే చెప్పి ఉంచండి. మా దూరపు బంధువుల ఇంట్లో తల్లి పెట్టిన బహుమతిని, బడి నుంచి ఫిర్యాదు వచ్చిందన్న కోపంలో తండ్రి రద్దు చేశాడు. ఫిర్యాదు నిజమే, కాని ఆ బహుమతి లెక్కలు చేసినందుకు వచ్చింది, అల్లరికి దానితో సంబంధం లేదు. ఒక పనికి సంపాదించినదాన్ని ఇంకో తప్పుకు జరిమానాగా లాక్కుంటే, ఆ లెక్కల నోటు మళ్లీ తెరిపించడం ఎంత కష్టమో ఆ ఇంటివాళ్లు ఆర్నెల్లు చూశారు.

ఇప్పటికే ఇష్టమైనదాని జోలికి వెళ్లవద్దు

డబ్బుతో చిక్కు ఉందని చెప్పాను కదా. అది డబ్బుకే పరిమితం కాదు, ముందే ఒప్పుకున్న ప్రతి బహుమతిలోనూ ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టపడే చిన్నపిల్లలను ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా తర్వాత ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. వారం, రెండు వారాల తర్వాత పెన్నులు మళ్లీ బల్ల మీద పెడితే, ముందే మాట పుచ్చుకున్న పిల్లలు మిగిలినవారు వేసినంతలో సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవారి ఇష్టం మాత్రం తగ్గలేదు.

కాబట్టి మీ అమ్మాయి తనంత తానే కథల పుస్తకాలు చదువుతుంటే పుస్తకానికి పది రూపాయలని బేరం పెట్టకండి. విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లి తనకు నచ్చిన పుస్తకం తననే ఏరుకోమనండి. ఇంకా ఇవ్వాలనిపిస్తే చెప్పకుండా ఇవ్వండి. బహుమతి పద్ధతి అవసరమయ్యేది ఇంకా ఇష్టం పుట్టని పనులకు, మొదలుపెట్టడమే భారమైన పనులకు.

నా నడక

నాలుగేళ్ల కిందట నాకు షుగర్ ఉందని తేలితే డాక్టరుగారు రోజూ అరగంట నడవమన్నారు. పిల్లలకు ఇవన్నీ చెప్పే నేను, నా విషయంలో ఆ సైకిలు తండ్రి చేసిన తప్పే చేశాను: మూడు నెలల తర్వాతి రక్తపరీక్ష ఫలితాన్నే బహుమతి అనుకున్నాను. పదకొండు రోజులు నడిచాను.

రెండోసారి ఇంకోలా మొదలుపెట్టాను. విజయవాడలో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితుడు కూడా పొద్దున్నే కృష్ణ ఒడ్డున నడుస్తాడు. ఎన్టీఆర్ స్టేడియం గేటు దాటగానే అతనికి ఫోను చేయాలి, నడుస్తున్నంతసేపే మాట్లాడాలి, కూర్చుంటే పెట్టేయాలి అన్నది ఇద్దరి మధ్య ఒప్పందం. గేటు గుర్తు అయింది, కబుర్లు ఫలితం అయ్యాయి, ఆ ఫలితం నడిచిన ప్రతి నిమిషమూ అందుతూ వచ్చింది. తీపి వస్తువును బహుమతిగా పెట్టుకోలేని మనిషికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తోచలేదు. రోహిణి కార్తె ఎండల్లో గంట ముందుకు జరిపాం గాని గుర్తును మార్చలేదు.

ఎన్నాళ్లు పడుతుంది అని అందరూ అడుగుతారు. ఇరవై ఒక్క రోజులు అన్న మాటకు ఆధారం లేదు. లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరిశీలనలో, ఒక పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. త్వరగా వచ్చినవారికి 18 రోజులు, ఆలస్యమైనవారికి లెక్క ప్రకారం 254 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనిపించలేదు. పెళ్లికి వెళ్లి ఒక రోజు మానేసినంతలో మొదటికి వచ్చిందనుకుని దిగులుపడనక్కరలేదు.

ఫోను విషయంలో ఇదంతా తలకిందులు

మనం పిల్లవాడికి నేర్పడానికి వాడిన ఉపాయాలన్నీ ఫోను మన మీద వాడుతుంది. టింగుమనే చప్పుడు గుర్తు, తెరవడం పని, లోపల ఏముందో తెలియకపోవడం చీటీల డబ్బా. ఒకసారి మనవరాలి ఫోటో, పదిసార్లు పనికిరాని ఫార్వర్డులు. షుల్ట్స్ బృందం 2003లో చూపించినదాని ప్రకారం, ఫలితం వస్తుందో రాదో సగం సగంగా ఉన్నప్పుడు, ఎదురుచూసే సమయంలో డోపమైన్ కణాల చురుకుదనం అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల సంకల్పబలంతో ఫోను మానేస్తానని పట్టుబట్టడం కంటే, గుర్తునూ అనిశ్చితినీ తీసివేయడం తేలిక. చప్పుళ్లు ఆపేసి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు వేళల్లో మాత్రమే చూస్తానని పెట్టుకోండి. ఆ వేళకు ఏదో ఒక సందేశం ఉండి తీరుతుంది కాబట్టి అది చీటీల డబ్బా కాకుండా పోస్టు డబ్బా అవుతుంది. ఛార్జరును పడకగది నుంచి వంటింటికి మార్చండి. మొదటి వారంలో చెయ్యి ఊరికే జేబులోకి వెళుతుంది. అప్పటిదాకా దొరికినది ఆగిపోగానే వెతుకులాట కొంచెం పెరగడం పావురాల్లోనూ కనిపించేదే, అది తగ్గుతుంది.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి ఇంకా తీవ్రం. 2009లో కేంబ్రిడ్జ్‌లో చేసిన స్కానింగ్‌లో, ఒకే బొమ్మలు వరుసలో పడితే గెలిచే స్లాట్ మెషీన్ లాంటి ఆటలో, ఒక్క బొమ్మ తేడాతో తప్పిపోయిన ఆట కూడా, అది ఓటమే అయినా, గెలిచినప్పుడు మేలుకునే మెదడు భాగాలను మేలుకొలిపింది. "కొద్దిలో పోయింది" అన్న భావన మళ్లీ ఆడిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. ఇంట్లో ఎవరైనా ఇందులో చిక్కుకుంటే ఈ వ్యాసంలోని చిట్కాలు చాలవు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పార్కిన్‌సన్ జబ్బుకు మందులు వాడుతున్న పెద్దవారిలో జూదం మీదో, కొనుగోళ్ల మీదో ఎన్నడూ లేని మోజు హఠాత్తుగా పుడితే, మందు రాసిన డాక్టరుకు వెంటనే చెప్పాలి. డోపమైన్‌లా పనిచేసే కొన్ని మందుల వల్ల అలా జరగవచ్చని వైద్యులకు తెలుసు. అంతేగాని మందు మీరే ఆపకూడదు.

ఎప్పుడు మానాలి

బహుమతిని ఒక్కసారిగా ఆపకూడదు. రోజూ ఇచ్చేది వారానికి మూడుసార్లు, తర్వాత ఒకసారి, తర్వాత మాట మాత్రమే. ఈ తగ్గింపుకు నేను సాధారణంగా రెండు నెలలు తీసుకుంటాను. వేసవి సెలవుల వంటి విరామం తర్వాత మానిన దురలవాట్లు మళ్లీ తొంగిచూస్తాయి. అప్పుడు పాత పద్ధతిని వారం రోజులు తిరిగి మొదలుపెడితే సరిపోతుంది, మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

పని అలవాటుగా నిలిచిందా లేదా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 1980ల తొలినాళ్లలో కేంబ్రిడ్జ్‌లో ఆడమ్స్, డికిన్సన్ ఎలుకలకు చక్కెర గుళికల కోసం మీట నొక్కడం నేర్పి, తర్వాత ఆ గుళికలంటేనే రోత పుట్టేలా చేశారు. కొద్దిగా నేర్చిన ఎలుకలు మీట వదిలేశాయి, చాలాకాలం నేర్చినవి గుళికలు అక్కరలేకపోయినా నొక్కుతూనే ఉన్నాయి. బహుమతి విలువ పోయాక కూడా పని సాగితే అది అలవాటు. ఇంట్లో ఈ పరీక్ష చేయాలంటే, ముందుగా చెప్పి, ఒక వారం పాటు బహుమతిని పూర్తిగా పక్కన పెట్టి గమనించాలి.

నా స్నేహితుడు మొన్న సంక్రాంతికి కొడుకు దగ్గరికి వెళ్లి పది రోజులు ఫోను ఎత్తలేదు. ఆ పది రోజుల్లో ఎనిమిది రోజులు నడిచాను. ట్యూషన్‌లో ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయికి అదే వారం చీటీల డబ్బా తీసేసి చూశాను. నాలుగో రోజు సాయంత్రం వాళ్ల అమ్మగారు ఫోను చేసి, "దీపం పెట్టి అరగంటయింది మాస్టారూ, వీడు ఇంకా టీవీ ముందే ఉన్నాడు" అన్నారు. డబ్బా తిరిగి బల్ల మీద పెట్టాను. ఈసారి రోజు విడిచి రోజు ఇస్తూ, మళ్లీ ఉగాది తర్వాత చూడాలనుకుంటున్నాను.